కోడిగుంటల గుడి

బస్సు దిగి సముద్రం వైపు నడవండి. సరుగుడు తోట దాటగానే ఇసుక దిబ్బ మీద తెల్లసున్నం కొట్టిన చర్చి కనపడుతుంది. అదే కోడిగుంటల గుడి. పేరు విని కొంతమంది కాళ్ళు కట్టేసిన కోడిని చంకన పెట్టుకొని వస్తుంటారు. ఇది యేసుప్రభువు గుడి, ఇక్కడ కోడిని కొయ్యరు. తెచ్చినవాళ్ళు దాన్ని ఇంటికి తీసుకుపోయి కూర వండుకోండి. దిబ్బ ఎక్కేటప్పుడు మాత్రం కిందికి చూసి నడవండి, అడుగడుగునా గుంటలే. పోయినేడు ఒకాయన ఫోన్ చూసుకుంటా వచ్చి కాలు బెణికించుకొని, వీటిని పూడ్చరేందని అందరి మీదా ఎగిరాడు. పూడ్చరు. ఎందుకు పూడ్చరో వినండి.

పూర్వం ఇక్కడ గుడి లేదు. దిబ్బ కింద వలల మీద బతికే చిన్న పాలెం ఉండేది. తాటాకు పాకలోనే ఆరాధన. ఆ పాలెంలో దెబోరమ్మని ఒక కోడలు. ఆ మనిషికి కాలు నిలవదు. అన్నం సగంలో లేచేది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే వాకిట్లోకి పోయి కట్టెలు సర్దేది. కాలుగాలిన పిల్లి నయమే, అది రాత్రన్నా పడుకుంటుందని అత్త హన్నమ్మ విసుక్కునేది.

అట్టాంటి రోజుల్లో ఉప్పెన వచ్చింది. దెబోరమ్మ మొగుడు పేతురు పడవను గట్టిగా కట్టొస్తానని పోయాడు. నీళ్ళు తీసినాక ముళ్ళకంపలో శవమై దొరికాడు. ఇసుకలోనే పూడ్చిపెట్టారు. ఏడుద్దామంటే తీరిక లేదు, ఎందుకంటే తాగే నీళ్ళు లేవు. బావిలోకి సముద్రం ఎక్కింది. కూలిన చెట్ల కొబ్బరిబొండాలు కొట్టుకొని తాగారు, అవీ అయిపోయినై. ఊరి రోడ్డు కాలవ దగ్గర తెగింది, నీళ్ళబండి రాలేదు.

దెబోరమ్మ చంటిపిల్ల రిబ్కాకి విరేచనాలు పట్టుకున్నై. తల్లికి పాలు ఎండిపోయినై. మొదట్లో గుక్కపట్టి ఏడ్చిన పిల్ల తర్వాత ఏడవడం మానేసింది.

సంఘపెద్ద ఏసోబు మగాళ్ళను పోగేసి దిబ్బ మీద తవ్వించాడు. మనిషి లోతు దిగేసరికి నీళ్ళు ఊరినై. ఉప్పు. ఇంకా లోతుకి పోతే తియ్యనీళ్ళు తగులుతాయన్నాడు. పోయారు. ఇంకా ఉప్పు. పక్కలు కూలినై, మళ్ళీ తోడారు.

దెబోరమ్మ పిల్లను అత్త ఒళ్ళో వేసి, కొబ్బరిచిప్ప పట్టుకొని తనూ మొదలుపెట్టింది. మోకాలి లోతు తవ్వేది. ఇసుక చెమ్మగా తగిలేది గానీ నీళ్ళు కనపడేవి కావు. ఓర్పు చాలక తిట్టుకుంటా ఇంకోచోటికి పోయేది. అక్కడా అంతే. పొద్దు వాలేటప్పటికి దిబ్బంతా గుంటలు పడినై.

"ఏంది వదినా, కోడి కెలికినట్టు కెలికావు. పురుగులు దొరికినయ్యా?" అన్నాడు ఏసోబు.

"నీ గోతిలో ఉప్పునీళ్ళు బాగా ఊరినయ్ గదా, రొయ్యలు పెంచుకో" అంది దెబోరమ్మ.

మర్నాడు తెల్లారగానే ఏసోబు తేల్చి చెప్పేశాడు. ఇక్కడుంటే చస్తాం, కాలవ ఈది ఊళ్ళోకి పోదాం అన్నాడు. ఆ ఎండలో, ఆ ప్రవాహంలో ఈ పిల్ల మిగలదని దెబోరమ్మకి తెలుసు. ఉంటే దప్పికకి పోతుంది, పోతే దారిలో పోతుంది. ఏం తోచక పాక చుట్టూ తిరిగింది.

హన్నమ్మ లేవలేదు. "నన్ను మోసేవాడు పోయాడు, నేను రాను. పొయ్యేవాళ్ళు కృతజ్ఞత కూడిక పెట్టుకొని పోండి. ఇన్నాళ్ళు ఉన్న చోటు, స్తోత్రం చెప్పకుండా దొంగల్లాగా పోతారా?" అంది.

కూర్చున్నారు. ఒకామె మిగిలిన కుండకి స్తోత్రం చెప్పింది. ఒకాయన మేక దొరికినందుకు చెప్పాడు. దెబోరమ్మకి ఒళ్ళు మండింది.

"దేనికత్తా స్తోత్రం? నీ కొడుకును మింగినందుకా?"

"మింగిన సముద్రానికి చెప్పట్లేదే నేను. వాణ్ణి నాకిచ్చినోడికి చెప్తన్నా. ఇన్నేళ్ళు నా కళ్ళముందు తిరిగాడుగా."

"రేపు ఈ పిల్ల పోతే?"

హన్నమ్మ పిల్ల పెదాల మీద వాలిన ఈగను తోలింది.

"అప్పుడు నాకు నోరు పెగలదేమో. అందుకే ఇప్పుడే చెప్పుకుంటన్నా" అంది. తర్వాత మళ్ళీ తనే, "కూర్చోలేకపోతే పో. ఆ కెలికిన గుంటల దగ్గరకి పోయి ఒక్కోదాని ముందు ఒక్కో స్తోత్రం చెప్పిరా. తవ్వను చేతులిచ్చాడు గదా" అంది.

"చెప్తా. ఆయనకే సిగ్గొచ్చేట్టు చెప్తా" అని దెబోరమ్మ విసురుగా దిబ్బెక్కింది.

మొదటి గుంట దగ్గర, "మొగుణ్ణి ముళ్ళల్లోంచి తీసిచ్చావు, స్తోత్రం" అంది. రెండోదాని దగ్గర, "బావినిండా ఉప్పు పోశావు, స్తోత్రం" అంది. అట్టా ఎత్తిపొడుస్తానే దిబ్బ సగందాకా పోయింది. ఎత్తిపొడుపు ఎంతసేపని వస్తుంది? కోపం అయిపోయింది, గుంటలు అయిపోలేదు. ఇంక ఏమనాలో తెలియక, "పిల్ల ఇంకా ఊపిరి తీస్తంది" అంది. "స్తోత్రం తండ్రీ" అని అక్కడే కూలబడింది. పుట్టి బుద్ధెరిగాక దేవుడి ముందు ఆమె కూర్చున్నది అదే మొదలు.

కూర్చుంది కాబట్టి గుంటలోకి చూసింది. అడుగున మెరుస్తా ఉంది. నిన్న అక్కడే పడేసిపోయిన చిప్పతో ముంచి, ఉమ్మెయ్యడానికి సిద్ధంగా నోట్లో పోసుకుంది. ఉమ్మలేదు. పక్క గుంట చూసింది, వెనక్కి పరిగెత్తి మొదటివీ చూసింది. అన్నిట్లో చిప్పెడు, రెండు చిప్పలు ఊరి ఉన్నై. తియ్యనీళ్ళు.

తుఫాను వాన ఈ దిబ్బలోనే ఇంకింది. వాననీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలతా ఉంటాయి. లోతుకి పోతే ఉప్పు పైకొస్తుంది. పైపైన తవ్వి వదిలేస్తే నిదానంగా ఊరుతుంది. ఈ సంగతి ఆమెకూ తెలియదు, ఏసోబుకీ తెలియదు. ఆమె ఒక్కచోట నిలబడి తవ్వే మనిషైతే ఆమెకూ ఉప్పే వచ్చేది.

కేకలకి ఏసోబు పార తీసుకొని పరిగెత్తుకొచ్చాడు. "జరుగు వదినా, ఇంకొంచెం లోతు చేస్తే బాగా వస్తయ్."

దెబోరమ్మ గుంటకి అడ్డంగా నిలబడింది. "పార దించావంటే కాళ్ళిరగ్గొడతా. దేవుడు మోకాలి లోతులో ఇచ్చింది నీకు చాల్లేదా?"

నీళ్ళు కాచి చల్లార్చి, చిటికెడు ఉప్పు, బెల్లంముక్క కలిపి గుడ్డపేలికతో పిల్ల నోట్లో పిండారు. కాస్త ఆగి మళ్ళీ పిండారు. మధ్యాహ్నానికి పిల్ల కళ్ళు తెరిచింది. సాయంత్రం ఏడ్చింది. ఆ ఏడుపు విని, పొద్దుటినించి కదలకుండా కూర్చున్న హన్నమ్మ, "ఇంక ఆమెన్ చెప్పండి, కూడిక అయిపోయింది" అంది. పాలెం కదల్లేదు. ఏసోబు ఎగతాళికి అన్న కోడి మాటతోనే దిబ్బకి కోడిగుంటలని పేరొచ్చింది. గుడి తర్వాత కట్టుకున్నారు.

పోయిన పేతురు మాత్రం తిరిగి రాలేదు. దెబోరమ్మ బతికినన్నాళ్ళు రోజూ పొద్దున్నే దిబ్బెక్కి, ఆరోజు మనసును కొరుకుతున్నదేదో చెప్పుకొని, మిగిలినదానికి స్తోత్రం చెప్పి ఒక గుంట తవ్వేది. హన్నమ్మను సమాధి చేసినరోజు కూడా తవ్వింది.

ఇప్పుడు వచ్చేవాళ్ళూ అట్టాగే చెయ్యాలి. పారలు తేవద్దు, కొబ్బరిచిప్పలు వాకిట్లో బుట్టలో ఉంటాయి. మోకాలి లోతు దాటొద్దు. అది కావాలి, ఇది కావాలి అనేది గుడి లోపల ప్రభువు బల్ల దగ్గర ప్రార్థనలో చెప్పుకోండి. గుంట దగ్గర మాత్రం పోయిందేందో పేరుపెట్టి చెప్పి, ఉన్నదానికి స్తోత్రం చెప్పండి. కోపంగా చెప్పినా పర్లేదు, ఇక్కడ ఎవరూ ఏమనుకోరు. కష్టం తీరుతుందని ఎవరూ రాసివ్వరు. తీరినవాళ్ళున్నారు, తీరకపోయినా ఏటేటా వచ్చేవాళ్ళున్నారు.

తవ్వాక నీళ్ళొచ్చినయ్యా లేదా అని కాచుకొని కూర్చోవద్దు. కూర్చుంటే చెయ్యి ఊరుకోదు, ఇంకొంచెం ఇంకొంచెమని తవ్వి ఉప్పు చేస్తారు. మీ గుంట ఊరేసరికి మీ బస్సు పోతుంది. ఆ నీళ్ళు రేపొచ్చేవాళ్ళవి. నిన్న ఎవరో ఇక్కడికొచ్చి, ఏం పోగొట్టుకున్నారో ఏమో, తవ్వి పోయారు. అందులో ఊరి ఉంటాయి. దోసిలి పట్టి తాగి వెళ్ళండి.