ఉయ్యాల తాడూ బెల్లం పెనమూ

అనగనగా ఏటి ఒడ్డున, చెరుకు తోటల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్ళో మరుపు దయ్యం తిరిగేది. పండూ, గోడవైపు తిరక్కు. వింటున్నావా? ఊఁ అను మరి.

మరుపు దయ్యం మనుషుల్ని తినేది కాదురా. ఎవరో ఒకరు మనసులో తలుచుకుంటున్నంతసేపు అది దేన్నీ ముట్టుకోలేదు. అందరూ మరిచారా, రెప్పపాటులో చంకన పెట్టుకుని పోయేది. ఒకరి దూడ పోయింది. ఒకరి నూతి చేద పోయింది. ఒకావిడ పెళ్ళిపనుల్లో పడి ముసలి మావగారిని అరుగు మీద మరిచిపోయింది. ఆయనా పోయాడు. ఊరంతా వెతికినా దొరకలేదు.

ఆ ఊళ్ళోనే గౌర్నాయుడని బెల్లం వండేవాడు. రసం మరిగి మరిగి పాకానికొచ్చే వేళ కళ్ళు పెనం మీదే ఉండాలి, లేదంటే ముదిరిపోతుంది. అప్పుడతని పక్కన పిడుగు పడినా తెలీదు. పెళ్ళాం వరాలో? కాలు ఉయ్యాలకి, చెయ్యి కూరకి, ముక్కు అన్నానికి, చెవి గేదెకి. కాలి బొటనవేలికి ఉయ్యాల తాడు కట్టుకుని, బిడ్డనూపుతూ, అన్నీ ఒక్కత్తే చక్కబెట్టేది.

పొద్దున్న లేస్తే ఇద్దరికీ ఒకటే తగువు. ఆడదాని మనసు జల్లెడ, ఒక్కటీ నిలవదంటాడు ఆయన. మగాడి మనసు గాడిలో పడ్డ బండి చక్రం, పక్కకి తిప్పాలంటే నలుగురు కావాలంటుంది ఈవిడ. ఇంటి కప్పు మీద కూర్చున్న దయ్యం విని మురిసిపోయింది. తగువులాడే ఇంట్లో ఏదో ఒకటి మరవక మానరు కదా.

ఊఁ కొడుతున్నారా?

ఒకనాడు పొద్దు వాలుతోంది. గాలి లేచింది. ఇంటి పక్కనున్న బెల్లం పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి చెరుకు పిప్పి కుప్ప మీద పడింది. గౌర్నాయుడు చూశాడా? పాకం చూస్తున్నాడు. వరాలుకి వాసన తగిలింది. వేలికున్న తాడు విప్పేసి, బిందె పట్టుకుని పరిగెత్తింది. గాలి పూరింటి వైపే కొడుతోంది మరి.

నీళ్ళు పోస్తోంది, మంట లేస్తోంది. పోస్తోంది, లేస్తోంది. ఎంతటి వరాలైనా మంట ముందు నిలబడితే మనసు ఒక్కటే కదమ్మా. అక్కడ ఉయ్యాల ఊగి, ఊగి, ఆగింది. కప్పు మీంచి దయ్యం చప్పుడు లేకుండా దిగింది. ఒక్కడుగు వేసింది. ఇంకొకడుగు. తడిగుడ్డలాంటి చెయ్యి ఉయ్యాలలో పెట్టింది... భయమేస్తే నా చెయ్యి పట్టుకోరా.

అప్పుడు వరాలుకి కాలి వేలు తేలిగ్గా అనిపించింది. ఇదేంటి, వేలికి బరువు లేదేంటి అనుకుంది. కుప్ప వదిలితే ఇల్లంటుకుంటుంది. అక్కణ్ణించే అరిచింది, "మావా, బిడ్డ!"

సరిగ్గా పాకం వచ్చే వేళ. ఏడాది కష్టమంతా ఆ పెనంలో ఉంది. గౌర్నాయుడు తెడ్డు అక్కడే పడేసి ఒక్క దూకున వెళ్ళి బిడ్డని గుండెకి హత్తుకున్నాడు.

దయ్యం అతని చెవిలో గొణిగింది, పాకం ముదురుతోంది నాయుడూ, బొగ్గవుతోంది, ఒక్కసారి చూడు అని. అతను చూడలేదు. పాకం మీద పెట్టే మనసంతా తెచ్చి బిడ్డ మీద పెట్టాడు. దయ్యం వరాలు దగ్గరికెళ్ళింది. గేదె తెంచుకుందే అంది. పలుపు గట్టిగానే కట్టానంది వరాలు. అన్నం మాడుతోందే అంది. ఎప్పుడో దించానంది. మరి పెనమో అంది. వరాలు వెళ్ళి పెనం కింద కట్టెలు కాలితో బయటికి తన్ని, మళ్ళీ బిందె ఎత్తింది.

మంట ఆరింది. దయ్యానికి మాత్రం దిగిన ఇంట్లోంచి ఏదో ఒకటి తీసుకోనిదే కదలడానికి లేదు. మూలమూలా వెతికింది. చివరికి ఆ ఇద్దరూ పూర్తిగా మరిచిపోయింది ఒకటి తలుపు వెనకాల దొరికింది. ఎవరు గొప్పన్న తగువు. ఎత్తబోతే ఎంత బరువనుకున్నారు? చంకలో ఉన్నవన్నీ దించితే గానీ లేవలేదు. దూడ దిగింది, చేద దిగింది, ముసలి మావగారు దిగి మంచినీళ్ళడిగాడు. దయ్యం తగువు మోసుకుంటూ, మూలుక్కుంటూ పోయింది.

ఆ ఏడు బెల్లం నల్లగా, ముద్దగా వచ్చింది. దాంతోనే పరమాన్నం వండి ఊరందరికీ పెట్టారు. ఆనాటి నుంచి ఉయ్యాల తాడు ఒకపూట ఆమె వేలికి, ఒకపూట అతని వేలికి. మొదట్లో పాకం చూస్తూ ఊపడం మరిస్తే, "కాలు నిద్రపోయిందా మావా?" అనేది వరాలు. పోనుపోను అతనికి ఊపడం అలవాటైంది, ఆమెకి పాకం దించడం వచ్చింది.

ఏంటే స్వాతీ, ఆడవాళ్ళకి అన్నీ ఒకేసారి చూసుకోవడం పుట్టుకతో వస్తుందా అంటావా? నేను మీ అంతున్నప్పుడే మా అమ్మ నా కాలికి ఉయ్యాల తాడు కట్టింది. మీ తాతకి ఎవరూ కట్టలేదు. అంతేనమ్మా.

ఆ దయ్యం తగువు బరువు మొయ్యలేక ఏదో ఒక గుమ్మంలో దించుతూనే ఉంటుందట. ఇందాక మీరిద్దరూ కొట్టుకుంటే మన గుమ్మంలోనే దించిందేమో అనుకున్నా. పోనీలే, మరిచిపోయారుగా, పట్టుకుపోతుంది. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.