ఎర్రచెలక నల్ల ఇసుక

"గురువుగారూ, రావలసిన పేరు రాని గోల్ఫ్ కోర్సు ఒక్కటి చెప్పండి" అని అడిగాడు సుధన్వ.

మా గురువు పరాంకుశం గారు నలభై ఏళ్ళుగా గోల్ఫ్ నేర్పుతున్నారు. ఆటలో తప్పేమిటో చెప్పమంటే గంటసేపు చెబుతారు. ఏ కోర్సు గొప్పది, ఏది కాదు అని అడిగితే మాత్రం తువ్వాలు తీసి బంతి తుడుస్తూ కూర్చుంటారు. సుధన్వకు అంత ఓపిక ఎక్కడిది? మా అందరిలోకీ బాగా ఆడేది వాడే, అంతకంటే బాగా మాట్లాడేదీ వాడే. ఒక మాసపత్రికలో ఏటా రెండు పట్టికలు వేసేవాడు. లేనిపోని పేరు తెచ్చుకున్న కోర్సులు పది, పేరు రాక మరుగున పడి ఉన్నవి పది. మొదటి పట్టికలో పెద్ద పెద్ద క్లబ్బుల్ని ఉతికి ఆరేసేవాడు. అది చదివి మేమూ సంబరపడేవాళ్ళం, దాచుకోవడమెందుకు. ఆ ఏడాది రెండో పట్టికలో తొమ్మిదే కుదిరాయి. పదోది గురువుగారి నోటివెంట రావాలని వాడి పంతం.

"మంచిదాన్ని మంచిదని చెప్పడానికి ఇంత ఆలోచనెందుకండీ? చెబితే దానికి మేలేగా!" అన్నాడు.

గురువుగారు బంతి తుడవడం ఆపారు. "రేపు పొద్దున్నే కారు తీసుకురా" అన్నారు. నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను.

ఎర్రచెలక అనే బొగ్గుగనుల కాలనీ చేరేసరికి ఎండ ముదిరింది. కాలనీ వెనక పెద్ద బీడు. అక్కడక్కడ ఎండిన గడ్డి దుబ్బులు, తుప్పుపట్టిన నీటి గొట్టాలు, తుమ్మమొక్కలు. రేకుల షెడ్డు ముందు కూర్చున్న ముసలాయన గురువుగారిని చూడగానే గుర్తుపట్టి లేచాడు. ఆయన పేరు బండారి అయిలయ్య. ఆ బీడు గోల్ఫ్ మైదానంగా ఉన్నప్పుడు ముప్పై ఏళ్ళు దాన్ని కనిపెట్టుకుని ఉన్నవాడు.

"అయిలయ్యా, ఇక్కడ ఒకప్పుడు ఎలా ఉండేదో ఈ అబ్బాయికి చెప్పు" అన్నారు గురువుగారు.

"ఏమున్నది సారూ, వాగు ఇసుక. జల్లెడ వట్టి, లారీల పాత నూనె కలిపి తొక్కేది. నీళ్ళు లేని జాగల గడ్డి యాడికెళ్ళి వస్తది? గుంట సుట్టు నల్లగ, సాపుగ ఉండేది. బంతి గుంటల వడ్డంక ఎవ్వరైనా సరే, మేనేజరైనా, తట్ట మోసేటోడైనా, గోనెపట్టా గుంజి తన అడుగులు తనే తుడిసి పోవాలె. ఎనకొచ్చేటోనికి ముందటోని అడుగు కనవడొద్దు."

పొద్దుటి షిఫ్టు దిగిన కార్మికులు మసి మొహాలతోనే వచ్చి, నాలుగు కర్రల్ని పదిమంది పంచుకుని ఆడేవారట. ఆ మాట చెబుతుంటే ఆయన చేతులు గాలిలోనే గోనెపట్టాను లాగుతున్నాయి.

"మరి ఏమైంది?" అన్నాడు సుధన్వ.

"ఈ సారు పేపర్ల రాసిండు. మస్తు మంచిగ రాసిండు."

గురువుగారు తల వంచుకున్నారు. మిగతా కథ అయిలయ్య నెమ్మదిగా చెప్పాడు. ఆ వ్యాసం చదివి పట్నాలనుంచి కార్లలో జనం దిగారు. ఇంత పేరొచ్చాక ఇంకా నూనె ఇసుకేమిటని క్లబ్బు కమిటీకి నామోషీ అనిపించింది. ఇసుకంతా తవ్వి ట్రాక్టర్లలో తీసుకెళ్ళి పాడుబడిన గనిలో పోశారు. బోర్లు వేసి గడ్డి పరిచారు. బూట్లతో తొక్కితే గడ్డి పాడవుతుందని కార్మికుల్ని రానివ్వడం మానేశారు. ఇసుక లేనిచోట ఇసుక మనిషితో పనేముంది? అయిలయ్యకు శాలువా కప్పి పంపేశారు. మూడో వేసవికి బోర్లు ఎండాయి, గడ్డి చచ్చిపోయింది. వచ్చేవాళ్ళు ఇంకో కొత్త పేరు వెతుక్కుంటూ పోయారు. క్లబ్బుకు తాళం పడింది.

"మల్ల నేనొక్కన్నే ఇసుక మోసుకచ్చి ఓ గుంట తయారు చేసిన సారూ. ఏడాది దాక సూసిన. ఆడేటోళ్ళు రావద్దా? కర్రలు సుత పొయ్యిల వెట్టుకున్నరు."

కోపంగా అని ఉంటే బాగుండేది. ఆయన గొంతులో కోపం లేదు. గురువుగారి కోసం షెడ్డులోంచి కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలతో దులిపి వేశాడు. గురువుగారు కూర్చున్నాక అడిగాడు.

"ఒక్కటి అడుగుత సారూ, తప్పనుకోకున్రి. మీరు మంచిగున్నదనే రాసిన్రు గద. మంచిగున్నదాన్ని మరి కమిటీవోళ్ళు ఎందుకు తీసేసిన్రు?"

దానికి జవాబు తెలిసి ఉంటే గురువుగారు ఇన్నేళ్ళలో ఎప్పుడో వచ్చి చెప్పి ఉండేవారు. అయిలయ్య మాత్రం చాలాసేపు ఎదురుచూశాడు. నాకు అక్కణ్ణించి పారిపోవాలనిపించింది.

తిరుగుదారిలో సగం దూరం వచ్చాక సుధన్వ ఉండబట్టలేక అన్నాడు. "జరిగిన అన్యాయమంతా నేను రాస్తానండీ. నలుగురికీ తెలిస్తే మళ్ళీ బాగుచేస్తారేమో. ఎర్రచెలకను ఏ పట్టికలో వేయమంటారు?"

గురువుగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"నేను రాసేనాటికి అది ఏ పట్టికలోనూ లేదు నాయనా. అప్పుడు అక్కడ ఆడుకునేవారు."