మంచుదీవికి మూడో పటం

అనగనగా సముద్రం ఒడ్డున శంఖపురి అనే రాజ్యం. దాన్ని ఏలే రాజు భద్రసేనుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయంతుడు చదవని గ్రంథం లేదు. నడిపివాడు వసంతుడు కుంచె పట్టి గోడ మీద పువ్వు వేస్తే తుమ్మెదలు వచ్చి వాలేవి. చిన్నవాడు సుధన్వుడికి బెంగ ఎక్కువ. గుర్రం ఎక్కేముందు జీను పట్టీ బిగించి చూసుకునేవాడు, మళ్ళీ దిగి ఇంకోసారి చూసుకునేవాడు. అంతఃపురంలో అందరూ అతన్ని చూసి నవ్వుకునేవాళ్ళు.

ఒకనాడు వక్రజటుడనే మాంత్రికుడు కొలువుకు వచ్చాడు. "నీ రాజ్యం నాకియ్యి" అన్నాడు. "ఇవ్వను" అన్నాడు రాజు. మాంత్రికుడు పిడికెడు బూడిద రాజు పాదాల మీద చల్లి మాయమైపోయాడు. చూస్తుండగానే రాజు పాదాలు రాళ్ళయ్యాయి. మర్నాటికి చీలమండలు కూడా రాళ్ళయ్యాయి. ఆ రాయి తీగలాగా మెల్లగా పైకి పాకుతోంది. గుండెను తాకిందంటే ఇక రాజు బతకడు.

అప్పుడు రాజోద్యానంలో గూడు కట్టుకున్న ముసలి గద్ద ఒకటి కిటికీలో వాలి మాట్లాడింది. "నాయనలారా, వాడి ప్రాణం వాడిలో లేదు. ఏడు సముద్రాల అవతల మంచుదీవిలో, ఒక గుహలో, పంజరంలో ఉన్న చిలుకలో ఉంది. ఆ పంజరం తలుపు మనిషి చేతికే తెరుచుకుంటుంది. కానీ కొత్త మనిషి ఆ దీవి మీద కాలు పెడితే గంటలు మోగుతాయి, వాడు వచ్చేస్తాడు."

"మరి దారేదవ్వా?" అన్నాడు సుధన్వుడు.

"వాడు ఎత్తుకుపోయిన రాకుమారి తారావళి అక్కడే ఒక గదిలో ఉంది. మధ్యాహ్నం వాడు కోనేట్లో స్నానం చేసినంతసేపూ ఆ గది తలుపు మంత్రం సడలుతుంది. ఆమె బయటికి రావచ్చు. కానీ దీవంతా దట్టమైన పొగమంచు, ఎటు చూసినా దారులే. పక్కన ఉండి దారి చూపుదామంటే కుదరదు. అక్కడ రెండు ప్రాణాలు కలిసి నడిస్తే రెండూ రాళ్ళైపోతాయి. ఎవరైనా పటం గీసిస్తే తీసుకెళ్ళి గడప ముందు పడేస్తాను. అంతవరకే నా చేతనవుతుంది."

జయంతుడు ముందుకొచ్చాడు. గద్ద చెప్పినవీ, నావికులు చెప్పినవీ అన్నీ పోగుచేశాడు. దీవిలోని ప్రతి దారీ, ప్రతి చెట్టూ, ప్రతి బండా గీసి, ప్రతిదానికీ పేరు రాశాడు. గద్ద ఆ పటం తీసుకుపోయింది. కొన్నాళ్ళకు తిరిగొచ్చి తల వంచుకుంది. "పాపం ఆ పిల్ల పటం విప్పి చూసింది. అందులో అన్నీ ఉన్నాయి. గుహ ఎక్కడుందో వెతుక్కునేసరికే వాడి స్నానం అయిపోవచ్చింది. గదిలోకి పరుగెత్తుకుపోయింది."

అప్పటికి రాయి రాజు మోకాళ్ళు దాటింది.

వసంతుడు ముందుకొచ్చాడు. పనికిరానివన్నీ తీసేసి, ఎర్రటి దారీ పచ్చటి గుహా చూడముచ్చటగా వేశాడు. ముఖ్యమైంది గుహే కదా అని దాన్ని పెద్దదిగా, దగ్గరగా వేశాడు. గద్ద ఆ పటం తీసుకుపోయింది. ఈసారి ఏడుస్తూ తిరిగొచ్చింది. "ఆ మంచులో ఎరుపూ పచ్చా ఒకేలా బూడిదరంగులో కనిపించాయి నాయనా. దారి దొరికింది గానీ, గుహ దగ్గరే ఉందనుకుని బయల్దేరింది. సగం దూరం కూడా పోకముందే వాడికి దొరికిపోయింది. ఇంకొక్కసారి గడప దాటితే నిన్నూ రాయిని చేస్తానన్నాడు."

అప్పటికి రాయి రాజు నడుము దాకా వచ్చింది.

ఇక మిగిలింది సుధన్వుడు. అతనికి అన్నం సయించలేదు. "అన్నయ్యా, నువ్వు అన్నీ ఎందుకు గీశావు?" అని జయంతుణ్ణి అడిగాడు.

"ఏది వదిలితే ఏం కొంప మునుగుతుందోనని భయమేసిందిరా" అన్నాడు జయంతుడు.

ఆ భయం సుధన్వుడికి బాగా తెలుసు. దీవిని దగ్గర్నుంచి చూడకుండా ఇంట్లో కూర్చుని గీస్తే ఆ భయం తనకూ తప్పదనుకుని, శంఖపురి ఒడ్డున ఉండే ముసలి తాబేలు తాత వీపు మీద ఎక్కి ఏడు సముద్రాలు దాటాడు. దీవి ఒడ్డున కాలు పెట్టకుండా నీళ్ళలోనే ఆగాడు.

మొదట గద్దను తారావళి దగ్గరికి పంపాడు. "పటం తీసుకెళ్ళకవ్వా. ఊరికే అడిగి రా. గడపలో నిలబడితే ఆమెకు ఎదురుగా ఏం కనిపిస్తుంది? మంచులో ఎంత దూరం దాకా కనిపిస్తుంది?"

గద్ద వచ్చి చెప్పింది. "ఎదురుగా మొండి స్తంభం ఒకటి కనిపిస్తుందట. ఎంత దూరం అంటే, చాచిన చేతికి కాస్త అవతల దాకానట. 'ఇన్నాళ్ళకు ఒకరు నన్ను అడిగారు' అంది నాయనా."

ఆ దీవిలోనే ఉండే ముంగిస ఒకటి ఒడ్డుకొచ్చింది. గుహ ఎంత దూరమని సుధన్వుడు దాన్ని అడిగాడు. "గుహా? అబ్బో, చాలా దూరం" అంది. "దూరమేంటి, రెండు రెక్కల ఊపు" అంది గద్ద. సుధన్వుడు ఒక నూలు ఉండ తీసి, బారకొక ముడి వేసి, కొసను ముంగిస నోటికిచ్చాడు. "మామా, దీన్ని గది నుంచి గుహ దాకా లాక్కుంటూ పో. మలుపు మలుపుకీ ఎన్ని ముడులు పట్టాయో చూసి, మళ్ళీ చుట్టుకుని రా." ముంగిస పోయి వచ్చింది. ముడులు ఎక్కువ పట్టినచోట గీత పొడుగు, తక్కువ పట్టినచోట గీత పొట్టి. ఇక గద్ద దూరం, ముంగిస దూరం అంటూ రెండు లేవు.

తన తెల్లటి ఉత్తరీయం చింపి పరిచాడు. కాటుకతో గది గడపను అడుగున గీశాడు, ఆమె ఎదుట ఉన్నదంతా పైకి వచ్చేలా. దీవిలో బంగారు మండపం ఉంది. "ఆమె దారిలో తగులుతుందా?" అని అడిగాడు. తగలదు. వదిలేశాడు. విషపు బావి ఉంది. అది గీయకపోతే ఎలా? దానికీ దారికీ మధ్య ఎత్తైన గోడ ఉందని ముంగిస చెప్పింది. కళ్ళు మూసుకుని దాన్నీ వదిలేశాడు. మిగిలింది ఒక్క లావాటి గీత, మలుపుల దగ్గర మూడు గుర్తులు: మొండి స్తంభం, రాతి ఏనుగు, విరిగిన మెట్లు.

రాతి ఏనుగు దగ్గర చిక్కు వచ్చిపడింది. "ఎడమకు తిరగాలి" అంది గద్ద. "కుడికి తిరగాలి" అంది ముంగిస. సుధన్వుడు కాటుక పక్కన పెట్టాడు. ఇక్కడ తప్పితే తండ్రి పోతాడు, ఆ పిల్లా పోతుంది.

"అవ్వా, నువ్వు ఎటు నుంచి ఎగురుతూ చూశావు?"

"గుహ వైపు నుంచి వస్తూ."

"మామా, నువ్వో?"

"గది వైపు నుంచి పోతూ."

ఆమె వచ్చేది గది వైపు నుంచే. కాబట్టి కుడికే. అయినా అతని గుండె కుదుటపడలేదు. ముంగిసను ఇంకోసారి పంపి చూసి రమ్మన్నాకే గీశాడు.

"గుహ లోపల?" అని అడిగాడు. లోపలికి ఎవరూ పోలేదు.

"తిన్నగా ఒక గీత గీసెయ్ నాయనా. మీ నాన్నకు రాయి రొమ్ము దాకా వచ్చే ఉంటుంది. ఖాళీగా వదిలితే ఆ పిల్ల భయపడుతుంది" అంది గద్ద.

"భయపడనీ అవ్వా. తెలియని చోట తెలిసినట్టు గీస్తే, భయపడాల్సిన చోట భయపడటం మానేస్తుంది" అన్నాడు సుధన్వుడు. గుహ నోటి దగ్గర గీతను ఆపేశాడు. లోపల తెరిచిన కన్ను ఒకటి గీసి, మిగతాది ఖాళీగా వదిలాడు.

మధ్యాహ్నమైంది. గద్ద పటం తీసుకుని మంచులోకి ఎగిరిపోయింది. సుధన్వుడు తాబేలు వీపు మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఏమీ కనిపించదు, ఏమీ వినిపించదు. "బావి గీయాల్సింది తాతా. గోడ కూలిపోయి ఉంటే?" అన్నాడు. ఇంకాసేపటికి "ఆ ఏనుగుకు తొండం గీశానా?" అన్నాడు. "గీశావు నాయనా" అంది తాబేలు.

ఇంతలో దీవి దద్దరిల్లేలా ఒక అరుపు వినబడింది. మాంత్రికుడు స్నానం తొందరగా ముగించి లేచాడు. గది ఖాళీగా ఉండటం చూశాడు. మనిషి వాసన పట్టుకుని తడి జటలతో ఒడ్డుకు ఉరికి వచ్చి, సుధన్వుణ్ణి చూశాడు. "ఓహో, పటాలు పంపేది నువ్వా!" అంటూ నీళ్ళలోకి దిగాడు. తాబేలు మునుగుదామంటే వాడి చేయి దాని డిప్పను పట్టేసింది. రెండో చేతిలో బూడిద ఉంది. ఆ చేయి పైకి లేచింది.

అలా లేచిన చేయి లేచినట్టే మెలితిరిగి పక్కకు వేలాడింది. వాడు కెవ్వుమన్నాడు. గుహలో ఎవరో చిలుక రెక్క పట్టుకున్నారు! మరుక్షణం వాడి కాలు మడతపడింది. ఆ తర్వాత మెడ వాలిపోయింది. నీళ్ళ మీద కాస్త బూడిద మిగిలింది, దాన్నీ అల తీసుకుపోయింది.

మంచు విడిపోయింది. ఎండలో ఒడ్డున ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో ఉత్తరీయపు ముక్క ఉంది.

"పటం గీసింది మీరేనా?" అంది తారావళి.

"దారి సరిగ్గా ఉందా? ఏనుగు దగ్గర ఏమీ తికమక పడలేదు కదా?" అని ఆత్రంగా అడిగాడు సుధన్వుడు.

"దారిలో ఎక్కడా ఆగలేదు. గుహ దగ్గరే ఆగాను. కన్ను గీసి ఖాళీగా వదిలేశారు కదా, ఇక్కడ మీకూ తెలియదన్నమాట అనుకున్నాను. పరుగు ఆపి, గోడ తడుముకుంటూ పోయాను. లోపల సరిగ్గా మధ్యలో అడుగు లేని గొయ్యి ఉంది."

సుధన్వుడు ఆ ఉత్తరీయపు ముక్క అందుకుని, ఖాళీగా వదిలిన చోటును మళ్ళీ చూసుకున్నాడు.

ఇద్దరూ తాబేలు వీపెక్కి శంఖపురి చేరేసరికి, భద్రసేనుడు వాకిట్లోకి నడిచి వచ్చి ఎదురు నిలబడ్డాడు. జయంతుడూ వసంతుడూ తమ్ముణ్ణి కావలించుకున్నారు. ఊరంతా మామిడాకుల తోరణాలు కట్టారు. తారావళి తల్లిదండ్రులు కబురందుకుని ఓడల మీద వచ్చారు. సుధన్వుడికీ తారావళికీ అంగరంగ వైభవంగా పెళ్ళి జరిగింది. గద్దకు వెండి గూడు, ముంగిసకు పాలకుండ, తాబేలు తాతకు తామరకొలను కట్నాలుగా ముట్టాయి.

తండ్రి తరువాత సుధన్వుడే రాజయ్యాడు. జయంతుడు దేశమంతా తిరిగి వివరాలు తెచ్చేవాడు. వసంతుడు గీసేవాడు. తారావళి ఆ పటం పట్టుకుని కోట గుమ్మం దగ్గర మజ్జిగ అమ్మే ముసలమ్మకు చూపించి, "అవ్వా, దీన్ని చూసి నువ్వు ఎటు పోతావు?" అని అడిగేది. అవ్వ తడబడితే పటం మళ్ళీ మొదటికొచ్చేది. ఒక ఏడాది ఏరు పొంగింది. మిట్టకు పోయే దారి పటం ప్రతి వీధి మొగలోనూ వేలాడుతోంది. నీళ్ళు వచ్చేసరికి ఊళ్ళో ఒక్కరు లేరు. అందరూ మిట్ట మీద పొయ్యిలు రాజేసుకుని అన్నాలు వండుకుంటున్నారు. ఆ వరదలో శంఖపురిలో ఒక్క పసిబిడ్డ పాదమైనా తడవలేదట. అలా వాళ్ళు పిల్లాపాపలతో, పాడీపంటలతో చాలాకాలం చల్లగా ఏలారు.