సీసాకి పథ్యం పెట్టిన అన్నదమ్ములు

అనకాపల్లిలో బెల్లానికి కొదవ లేదు. తమకు తెలివికీ కొదవ లేదని సింహాద్రి, అప్పలకొండ అనుకునేవారు. కాలేజీ ప్రయోగశాలలో అటెండర్లయిన ఈ అన్నదమ్ములు, "సెప్పింది సెప్పినట్టు సేసేవోడే తెలివైనోడు" అని రోజూ ఒకరి భుజం ఒకరు తట్టుకునేవారు.

ఒక ఉదయం వైదేహి మేడమ్ వాళ్ళకో సీసా అప్పగించింది.

"ఇందులో ఈస్టు ఉంది, పిండిని పులియబెట్టే సూక్ష్మజీవి. తీపి దొరికినంతసేపు ఇది నూనె అరిగించే జన్యువులను పనిలోకి దించదు. తీపి అయిపోయి నూనె తగిలితేనే దించుతుంది. ఇప్పుడు నూనె వేశాను. రేపు నేనొచ్చి చూసేదాకా దీని దగ్గరికి తీపి రానివ్వకండి. వచ్చిందా, నా మూడేళ్ళ కష్టం నీళ్ళపాలే!"

అంతే. సింహాద్రి తన కేరేజీలోని పరమాన్నం కిటికీలోంచి విసిరేశాడు. అది ప్రిన్సిపాల్ గారి నెత్తిన పడింది. ఆయన చిందులు తొక్కుతూ పైకొస్తే సింహాద్రి గుమ్మంలోనే ఆపేశాడు.

"తమరు లోపలికి రాకండి బాబూ! తమరిప్పుడు తీపి."

ఇంకేముంది, అప్పలకొండ రోడ్డు మీదికి పరిగెత్తి బెల్లం బళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు. "ఆగండెహె! లోపల పథ్యం!" బజారు దాకా బళ్ళు నిలిచిపోయాయి. లోపలెవరికో చక్కెర జబ్బట, పాపం, అనుకుని జనం కమలాపళ్ళతో పరామర్శకొచ్చారు. అన్నదమ్ములు తలుపుకి బల్లలు అడ్డం పెట్టి, "తినమ్మా, నూనె తిను" అని సీసాని బుజ్జగిస్తూ కూర్చున్నారు.

మర్నాడు మేడమ్ వచ్చి, సీసాలోంచి ఒక చుక్క తీసి పరీక్షించింది. ఆనందంతో ఆవిడకి కళ్ళనీళ్ళొచ్చాయి.

"నూనె తరిగింది! జన్యువులు పనిలోకి దిగాయి! ఇంకొక్క పరీక్ష ఉంది, మధ్యాహ్నం చేస్తాను. మీరు ముందు నోరు తీపి చేసుకోండి!" అని రెండు బెల్లం పూతరేకులిచ్చి, ప్రిన్సిపాల్ గారికి చెప్పడానికి వెళ్ళింది.

సింహాద్రి పూతరేకు నోటిదాకా తెచ్చి ఆగాడు. "ఒరే, నూనె తిన్నది మనమేటి? కష్టపడింది అది. ముందు దానికి పెట్టాల."

"తీపి ఒద్దన్నారు కదన్నా?"

"మేడమ్ గోరు ఒచ్చి సూసేదాకా అన్నారు. ఒచ్చీసినారు, సూసీసినారు."

అంతే. పూతరేకు సీసాలో పడింది.

మధ్యాహ్నం రెండో పరీక్షలో, నూనె అరిగించే జన్యువు ఒక్కటీ మేలుకొని లేదు. సీసా అడుగున పూతరేకు ముక్క చూసి మేడమ్ కుర్చీలో కూలబడింది.

"బెంగెట్టుకోకండమ్మా," అన్నాడు సింహాద్రి. "తీపి తగిలింది, నూనె తినడం మానీసింది. తమరు సెప్పింది అచ్చరాలా నిజమయిపోనాది!"

అప్పలకొండ రెండో పూతరేకు ఆవిడ చేతిలో పెట్టాడు.

"శుభవార్త కదండీ. నోరు తీపి సేసుకోండి."