ఏతాం మీద దిగొచ్చిన దేవుడు

అనగనగా, నాటకాలకి తెరలు కూడా ఇంకా పుట్టని కాలంలో, గ్రీకుల దేశంలో ఒక కొండ ఊరు. ఆ ఊళ్లో మికోన్ అనే కుర్రాడు. ఒక ఏతాం, ఒక తాడు, ఒక గాడిద. అతని ఆస్తి మొత్తం అంతే. పొద్దున్నే ఏతాం దూలాన్ని వంచి లేపుతూ, దాని కొసన కట్టిన బానతో బావి నీళ్లు తోడి ఉల్లి మళ్లు తడిపేవాడు. పని అవగానే నాటకం వాళ్ల దగ్గరికి పరుగెత్తేవాడు.

అప్పట్లో నాటకం అంటే ఏముంది? కొండ దిగువన ధాన్యం నూర్చే కళ్లం, అదే రంగస్థలం. కొండవాలు మీద జనం. కళ్లం వెనక గుడిసెలో వేషగాళ్లు ముఖాలకి ముసుగులు తగిలించుకునేవారు. ద్రాక్షల దేవుడు డయొనైసస్ పండగకి ఏటా ఒక నాటకం. చివర్లో ఆకాశం నుంచి ఒక దేవుడు దిగొచ్చి అందరి కష్టాలూ తీర్చాలి. ఆ దిగడం దగ్గరే వచ్చింది చిక్కు.

మొదటి ఏడు దేవుడు గుడిసె తలుపు తోసుకుని వచ్చాడు. చేపలమ్మే గోర్గో కొండ మీంచి అరిచింది: "ఏమయ్యా దేవుడూ, ఆకాశం ఆ గుడిసెలో ఉందా?" జనం నవ్వారు.

రెండో ఏడు నిచ్చెన వేసుకుని గుడిసె కప్పు మీంచి దిగాడు. "ఏమయ్యా దేవుడూ, కప్పు నేయడానికొచ్చావా?" జనం పడీ పడీ నవ్వారు.

ఊరి పెద్దలకి తల కొట్టేసినట్టయింది. "మూడోసారి కూడా దేవుణ్ణి చూసి జనం నవ్వితే ఈ ఊళ్లో ఇక నాటకం లేదు. పండక్కి కుస్తీలు పెట్టుకుందాం" అని తేల్చేశారు.

దేవుడి వేషం వేసే ముసలి ఫైడోన్ ముసుగు ఒళ్లో పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు. మికోన్ వెళ్లి పక్కన చేరాడు.

"తాతా, మా ఏతాం బాన ఆకాశంలోకి లేచి మళ్లీ దిగుతుంది కదా?"

"అయితే?"

"బాన విప్పేసి నిన్ను కడతాను."

"ఒరే, నేనేమన్నా నీళ్ల బానలా కనిపిస్తున్నానా?"

"బానకంటే నువ్వే తేలిక తాతా. పళ్లు కూడా లేవు కదా!"

ముసలాయన నవ్వాడు. నవ్వాడంటే ఒప్పుకున్నట్టే.

మికోన్ గాడిద చేత ఏతాం దూలాన్ని గుడిసె వెనక్కి లాగించాడు. దూలానికి ఒక కొసన దేవుడు, రెండో కొసన బండరాయి. రాయి వైపు తాడు లాగితే దేవుడు పైకి, వదిలితే కిందికి. ముందు ఇసక మూటని కట్టి చూశాడు. తర్వాత మేకని. ఆ తర్వాత ఫైడోన్‌ని. ముగ్గురిలో తిట్టింది ఫైడోన్ ఒక్కడే.

పండగ రోజు వచ్చింది. గుడిసె వెనక మికోన్‌కి ఏమీ కనపడదు. చేతిలో తాడు, అంతే. లాగాడు. కప్పు మీద దేవుడు తేలాడు. "ఆ!" అన్నారు జనం. మెల్లగా వదిలాడు. దేవుడు దిగాడు, దిగాడు, పాదాలు కళ్లాన్ని తాకాయి. తాడు వదులైంది.

అక్కడే వచ్చింది తంటా. బావిలో బాన నీళ్లని తాకగానే తాడు వదులవుతుంది. అప్పుడు బాన నిండాలని రెండుసార్లు ముంచి లేపడం ఏతాం వేసేవాళ్ల అలవాటు. మికోన్ చేతులకి నాటకం ఏం తెలుసు? ముంచాయి, లేపాయి. ముంచాయి, లేపాయి. కళ్లంలో దేవుడు మోకాళ్ల మీద వంగాడు, లేచాడు. వంగాడు, లేచాడు.

మికోన్ నాలుక కరుచుకున్నాడు. 'అయిపోయింది, మూడోసారి కూడా నవ్వుతారు' అనుకుని కళ్లు మూసుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. కొండ మీంచి గోర్గో గొంతు: "అమ్మో! దేవుడే మనకి వంగి దణ్ణం పెట్టాడర్రా! ఇంకా కూర్చున్నారేం, లేవండి!"

కొండవాలు కొండవాలంతా లేచి నిలబడింది. రెండుసార్లు వంగి తిరిగి దణ్ణం పెట్టింది. ముసుగులో ఫైడోన్ తిట్టిన తిట్లు పక్కనున్న పాటగాళ్లకి తప్ప ఎవరికీ వినపడలేదు.

కుస్తీల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మికోన్ ముసలివాడయ్యేదాకా ఏటా దేవుణ్ణి తనే దించాడు. అతను పోయాక కొత్తవాళ్లు కప్పీలు తెచ్చి, దేవుణ్ణి కుదుపు లేకుండా, నూనె జారినట్టు దించారు. ఒక్కరూ లేవలేదు.

"ఈ దేవుడికి మర్యాద తెలీదు" అంది గోర్గో మనవరాలు. "మళ్లీ పైకి లాగండి. మా మికోన్ దించినట్టు దించండి!"

అప్పటినుంచీ ఆ ఊళ్లో నాటకంలో తాడు పట్టాలంటే ముందు ఉల్లి మళ్లకి నీళ్లు తోడాలి. చేతులకి ఆ అలవాటు పట్టాకే గుడిసె వెనక్కి రానిస్తారు. ఇప్పటికీ అంతే. దేవుడి పాదాలు నేలకి జానెడు ఎత్తులో ఉండగానే, కొండవాలు మీద జనం ఒళ్లోని పిల్లల్ని పక్కన దింపి, లేవడానికి కాళ్లు సర్దుకుంటారు.