దాలమ్మ ముందు దాపరికం లేదు

ఊకొట్టేవాళ్ళు ఊకొట్టండి, కొట్టనివాళ్ళు వినండి. ఇది ఎప్పటి మాటో నన్నడగొద్దు. మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. ఆవిడకి ఎవరు చెప్పారో ఆవిడకీ తెలీదు.

ఒక కొండవాలు. వాలు మీద ఒక ఊరు. వాలు కింద ఒక గెడ్డ, అంటే కొండవాగు. ఊరికి నీళ్ళన్నీ ఆ గెడ్డలోవే. ఆడవాళ్ళు పొద్దున్నే దిగి, కడవలు ముంచుకుని, మూడు మలుపులు ఎక్కి రావాలి.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. పురిటి స్నానం అవగానే బాలింత కొత్త కుండ పట్టుకుని గెడ్డకి దిగాలి. నిండా ముంచాలి. నెత్తిన పెట్టుకుని మూడు మలుపులూ ఎక్కాలి. దారి పొడవునా ఆడవాళ్ళు నిలబడి పాటలు పాడేవారు. చుక్క ఒలికితే బిడ్డ ఆయుష్షులో అంత తగ్గుతుందనేవారు. "నిండుకుండ మోస్తే బిడ్డకి నిండు నూరేళ్ళు" అనేవారు. బిడ్డ మాటెత్తితే ఏ తల్లి కాదంటుంది?

ఊరి చివర మేదరోళ్ళ ఇల్లు. ఆ ఇంటి కోడలు దాలమ్మ. వెదురు చీల్చి బుట్టలూ చేటలూ అల్లేది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. దాలమ్మ కూడా అందరిలాగే నిండుకుండ ఎత్తుకుంది.

మొదటి మలుపులో కాళ్ళు వణికాయి. రెండో మలుపులో నడుం లాగేసింది. మూడో మలుపులో కడుపులో ఏదో పట్టు తప్పి కిందికి జారింది. దాలమ్మ ఆగలేదు. చుక్క ఒలకలేదు. ఆడవాళ్ళు మెచ్చుకున్నారు.

ఇంటికెళ్ళి చూసుకుంటే గుప్పెడంత కండ కాళ్ళ మధ్యకి దిగి ఉంది. పేగులే బయటికొచ్చాయనుకుంది. ఆ పూటతో తన పని అయిపోయిందనుకుంది. బిడ్డకి పాలిచ్చి, పక్కన పడుకుని, చావు కోసం చూసింది. తెల్లారింది. చావు రాలేదు.

అది పేగు కాదు, గర్భసంచి. ఆ సంగతి ఆమెకి చాలా ఏళ్ళ దాకా తెలీదు.

అప్పట్నుంచి దగ్గితే కోక తడిసేది. నవ్వితే తడిసేది. బరువెత్తితే తడిసేది. గుడ్డలు మడిచి పెట్టుకునేది. వాటిని గెడ్డలో అందరికంటే దిగువన కూచుని ఉతుక్కునేది. పెళ్ళిళ్ళకి పోవడం మానేసింది. పోవలసి వస్తే గుమ్మం దగ్గర కూచునేది. "మేదరి దాలికి పొగరు" అన్నారు. మొగుడు సన్నాసి మంచివాడే. మంచివాడికి కూడా ఆ మాట ఎలా చెప్పాలో ఆమెకి తెలీలేదు. ఏ జన్మలో చేసిన పాపమో, ఊరందరిలోకీ తనొక్కదానికే తగిలిందనుకుంది.

అలా అనుకుంటూనే పిల్లని పెంచింది. పిల్లకి ఊహ వచ్చింది.

ఒకనాడు కుమ్మరోళ్ళ కోడలు సింహాలు కనపడకుండా పోయింది. పడుచుపిల్ల. నిరుడే కాన్పయింది. చుక్క ఒలకకుండా కుండ మోసిందని ఊరంతా పొగిడిన పిల్ల. గెడ్డలో వెతికారు. పొలాల్లో వెతికారు. కొండదేవత పట్టుకుపోయిందన్నారు.

దాలమ్మ వెదురు కొట్టుకోడానికి కొండెక్కింది. పొద వెనక సింహాలు కూచుని ఉంది. ఒళ్ళో విషపు కాయలున్నాయి.

"ఏటే సింహాలూ, ఊరంతా నీకోసం ఎతుకుతన్నారు" అంది దాలమ్మ.

"నన్నిక్కడే ఒగ్గీ అప్పా. నానింటికి రాను" అంది సింహాలు. ఆ ఊళ్ళో అక్కని అప్పా అంటారు.

"ఎవులేటన్నారే?"

"ఎవులూ ఏటీ అనలేదు. నా ఒళ్ళే నన్నిడిసి బయటికొచ్చేసింది. కుండ మోసిన కాడ్నించి అంతే. కంపుకొడతన్నాను. నా మొగుడు అరుగు మీద పడుకుంటన్నాడు."

దాలమ్మ చేతిలో కత్తి కింద పడిపోయింది. వంగి తీసుకోడానికి కూడా ఆమెకి తోచలేదు. ఇన్నేళ్ళూ తన నోటికి రాని మాట ఇంకో మనిషి నోట్లోంచి వచ్చింది. అదే కుండ. అదే జారడం. అదే కంపు.

"నాకూ అంతేనే" అంది చివరికి.

"అబద్ధం."

"నా కూతురి మీద ఒట్టు."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఏడవలేదు. సింహాలు అడిగింది, "మరి నువ్వెలగ బతికున్నావప్పా?"

"ఎవులికీ సెప్పుకోకుండా" అంది దాలమ్మ. అన్నాక ఆ మాట తనకే చేదుగా తగిలింది. పిల్ల ఒళ్ళోంచి కాయలు తీసి లోయలోకి విసిరేసింది. చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చింది.

ఆ రోజు నుంచి దాలమ్మకి ఒకటే అనుమానం. ఇద్దరున్నప్పుడు మూడోది ఉండదా?

బుట్టలమ్మే వంకతో సాలోళ్ళ ఇంటికెళ్ళింది. "నీ ఒళ్ళు బాగుందా వదినా?" అనడిగింది. "బాగుంది" అంది ఆవిడ. దాలమ్మ లేచి వచ్చేయబోయి, మళ్ళీ కూచుంది. ముందు తనది చెప్పింది. ఆవిడ లేచి తలుపు మూసింది. గొళ్ళెం పెట్టింది. దాలమ్మ పాదాల దగ్గర కూలబడి, "నాకూ అంతే" అంది.

పూజారి ఇంటికెళ్ళింది. వాకిట్లోనే నిలబడి, ముందు తనది చెప్పింది. పూజారి భార్య చేటలో బియ్యం ఏరడం ఆపి, తలెత్తకుండా, "నాకూ అంతే" అంది.

నాయుడి ఇంటికెళ్ళింది. నాయుడి తల్లి గౌరీశమ్మ ఊరికి పెద్దదిక్కు. గెడ్డ ఒడ్డున నిలబడి "నిండా ముంచు" అని ప్రతి బాలింతకీ చెప్పేది ఆవిడే. దాలమ్మ ముందు తనది చెప్పింది.

"నా పెళ్ళైన మరుసటేడు నుంచీ" అంది గౌరీశమ్మ.

దాలమ్మ అడిగింది, "మరి అందర్నీ నిండా ముంచమంటారేటమ్మా?"

"నన్ను ముంచమన్నారు కదే."

ఇల్లు మారింది గానీ మాట మారలేదు. చివరికి దాలమ్మ అడగడం మానేసింది. ఇంకా ఎవరెవరికి ఉందో అని కాదు, ఎవరికి లేదో అని వెతకాల్సి వచ్చింది.

బయటికొచ్చిన దాన్ని లోపలికి నెడితే పోతుంది. లేచి నిలబడితే మళ్ళీ దిగుతుంది. దానికి కింద ఏదన్నా ఆసరా కావాలి. దాలమ్మకి తెలిసిన పని ఒకటే, వంచడం, చుట్టడం. ఏం చేసినా ముందు తన ఒంటి మీదే చూసుకోవాలని ఒట్టు పెట్టుకుంది.

మొదట సన్నటి పేముబద్ద గుండ్రంగా వంచి గుడ్డ చుట్టింది. లోపల పెట్టుకుని గెడ్డ దారి ఎక్కింది. బద్ద కోసేసింది. నెత్తురు కారింది. కొన్నాళ్ళు మంచం మీదుంది.

రెండోసారి దూది ఉండ చేసి ఆముదంలో ముంచింది. మొదటి మలుపులోనే జారిపోయింది. ఇంకా పెద్దది చేసింది. అది నిలిచింది గానీ లోపల కుళ్ళి జ్వరమొచ్చింది. సన్నాసి భయపడి పక్క ఊరి నుంచి ఆచారి అనే వైద్యుణ్ణి తీసుకొచ్చాడు. మొగుడి ముందే దాలమ్మ అంతా చెప్పేసింది. సన్నాసి గోడకి చేరగిలబడిపోయాడు. పిల్ల పుట్టినప్పటి నుంచీ ఇది మోస్తోందని అతనికి ఇప్పుడు తెలిసింది.

ఆచారి మంచం పక్కన కూచున్నాడు. "నా దగ్గరికి తలనొప్పికొస్తారు, నడుంనొప్పికొస్తారు. దీనికి ఒక్కరూ రాలేదమ్మా" అన్నాడు. జారింది పేగు కాదు, గర్భసంచి అని చెప్పి, వేపనీళ్ళతో కడుక్కోమన్నాడు. పెట్టుకున్నది తీసి కడిగి పెట్టుకోవాలన్నాడు. ఉచ్చ ఉగ్గబట్టినట్టు కింది కండని బిగబట్టి వదలమన్నాడు. ఈ రోగానికి ఏమేం పనిచేస్తాయో తనకీ చెప్పమని అడిగాడు.

మూడోసారి దాలమ్మ మెత్తటి పాతగుడ్డని తాడులా పేని, చుట్ట చుట్టి, తేనెమైనం కరిగించి పైన పూసింది. నున్నటి కట్ట తయారైంది. పెట్టుకుని గెడ్డకి దిగి ఎక్కి వచ్చింది.

"నిలిసిందా అప్పా?" అని సింహాలు అడిగింది.

"నిలిసింది" అంది దాలమ్మ.

అప్పుడు సింహాలుకి ఒకటి చేసింది. సింహాలు మొదటి మలుపు ఎక్కింది. రెండో మలుపు ఎక్కింది. మూడో మలుపు ఎక్కి అక్కడే నిలబడి గట్టిగా దగ్గి చూసుకుంది. కోక తడవలేదు. అప్పుడు ఏడ్చింది.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఒకరి కొలత ఇంకొకరికి సరిపోయేది కాదు. ఒకరికి కట్ట నిలిచేది, ఒకరికి బిగబట్టడంతోనే తగ్గేది. ఎవరికి ఏది కుదిరిందో దాలమ్మ గుర్తు పెట్టుకుని ఆచారికి చెప్పేది. దేనికీ లొంగనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి దాలమ్మ అబద్ధం చెప్పలేదు. పక్కన కూచునేది.

కానీ ఒకళ్ళు కోలుకునేసరికి ఇంకో బాలింత కుండ మోసి పడిపోయేది. చిల్లు కడవకి నీళ్ళు పోసినట్టుంది అనుకుంది దాలమ్మ.

ఇంతలో నాయుడి కూతురు రత్తాలు పుట్టింట్లో ప్రసవించింది. కుండ మోసే రోజొచ్చింది. మగాళ్ళు పైన అరుగుల మీద కూచున్నారు. ఆడవాళ్ళు దారి పొడవునా నిలబడ్డారు. రత్తాలు పాలిపోయి ఉంది. వంగి కుండ ముంచబోతుంటే దాలమ్మ దారి మధ్యకి వచ్చింది.

ఎన్నడూ గొంతెత్తని మనిషి పైవాళ్ళకి వినపడేలా చెప్పింది. "ఈ కుండ మోసి నా గర్భసంచి జారిపోనాది. ఇంకా ఎవులికి జారిందో ఆళ్ళు కూకోండి."

పాట ఆగిపోయింది. అరుగు మీది మగాళ్ళు లేచి నిలబడ్డారు. "ఆ ఆడదాన్ని అవతలికి లాగండి" అన్నాడు నాయుడు.

ఎవరూ లాగలేదు. గెడ్డ ఒడ్డున గౌరీశమ్మ చేతికర్ర పక్కన పెట్టి, నెమ్మదిగా బండ మీద కూచుంది.

నాయుడు కన్నతల్లి వైపు చూస్తూ నిలబడ్డాడు.

సింహాలు కూచుంది. సాలోళ్ళ వదిన కూచుంది. పూజారి భార్య కూచుంది. మొదటి మలుపు కూచుంది. రెండో మలుపు కూచుంది. మూడో మలుపు కూచుంది. చివరికి దాలమ్మ కాక దారిలో నిలబడి ఉన్నది పెళ్ళికాని పిల్లలు, ఇంకా కుండ ఎత్తని రత్తాలు.

మగాళ్ళలో ఒకడు పక్కవాణ్ణి మెల్లిగా అడిగాడు, "మా ఇంటిది కూడా కూకుందేట్రా?" పక్కవాడు తన ఇంటిదాన్నే చూస్తున్నాడు.

"మరి బిడ్డకి కుండ?" అన్నాడు నాయుడు.

"బిడ్డకి తండ్రి లేడేట్రా?" అంది గౌరీశమ్మ.

రత్తాలు మొగుడు దిగివచ్చాడు. కుండ ముంచి ఎత్తుకున్నాడు. అలవాటు లేని నెత్తి. దారంతా ఒలికించాడు. ఆ బిడ్డ నిండుగా బతికిందని చెబుతారు.

ఏళ్ళు గడిచాయి. దాలమ్మ ముసలిదై, ఒక ఎండాకాలం కన్నుమూసింది. ఊరి ఆడవాళ్ళంతా వచ్చారు. సింహాలు, ఇంకో ఇద్దరు ఆమెకి నీళ్ళు పోశారు.

కోక తొలగించిన సింహాలు చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. దాలమ్మకి కట్ట లేదు. పాతగుడ్డలు మడిచి ఉన్నాయి. గర్భసంచి పూర్తిగా బయటికి దిగి, ఎండి, పుళ్ళు పడి ఉంది. బద్ద కోసిన మచ్చలు గట్టిపడి ఉన్నాయి. ఆ మచ్చల మీద ఏ కట్టా నిలవదు. మొదటి నుంచీ నిలవలేదు.

"నిలిసిందని సెప్పింది గదా" అంది సింహాలు. ఎవరితో అంటోందో తెలీదు.

వాకిట్లోకి వచ్చి ఆ సంగతి చెప్పింది. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపేశారు. ఊరంతా బాగుపడింది. బాగుచేసిన మనిషి తడిగుడ్డలతోనే పోయింది. సన్నాసి తల వంచుకుని, "ఆళ్ళు భయపడి మానేత్తారని సెప్పొద్దంది" అన్నాడు. గౌరీశమ్మ అప్పటికి లేదు. ఉన్నవాళ్ళలో పెద్దది సాలోళ్ళ వదినే. ఆవిడ అంది, "అందర్నీ అడిగిన మనిషిని మనం ఒక్కరోజు కూడా అడగలేదే."

ఆ మాట ఆ వాకిలి దాటి, ఊరు దాటి, గెడ్డ దాటి పోయింది.

అందుకే ఆ వాలు మీది ఊళ్ళలో ఈనాటికీ బాలింత చేత బరువెత్తించరు. కుండ తండ్రే మోస్తాడు. ఎవరైనా కళ్ళు దించుకుని "బాగున్నాను" అంటే, "దాలమ్మ ముందు దాపరికం లేదు, సెప్పు" అంటారు. పురిటి స్నానం అయ్యాక పెద్దావిడ ఒకతె బాలింత పక్కన కూచుంటుంది. ముందు తనది చెప్పుకుంటుంది. ఆ తర్వాత మూడు మాటలు అడుగుతుంది. నిలబడితే ఏదన్నా జారుతోందా? దగ్గితే తడుస్తోందా? నడుం లాగుతోందా?

బాలింత చెబుతుంది. చెప్పాక ఆమె తిరిగి ఒక మాట అడగాలి. అది అడగందే లేవనివ్వరు.

"మరి ఇప్పుడు నీకెలాగుందప్పా?"