నాలుగు పేర్ల కుక్క

ఒక పట్నంలో కుక్కల పెంపకానికి లైసెన్సు తప్పనిసరి చేశారు. నిబంధనలు ఇరవై ఎనిమిది. కొట్టం ఎంత వెడల్పుండాలో, నీళ్ల తొట్టి ఎన్నాళ్లకోసారి కడగాలో అన్నీ వాటిలో ఉన్నాయి. పంతొమ్మిదో నిబంధన తల్లి కుక్కల గురించి. ఏ తల్లికీ ఐదు కాన్పులకు మించకూడదు. ఐదు దాటిన దాని మెడకు తెల్ల తాడు కట్టి, తిండి పెడతామన్న వాళ్లకు ఇచ్చెయ్యాలి. ఆ తర్వాత ఏ పెంపకందారూ దాని జోలికి పోకూడదు.

నిబంధనలు మంచివని అందరూ ఒప్పుకున్నారు.

తనిఖీ అధికారి ఏడాదికోసారి ప్రతి కొట్టానికీ వెళ్లేవాడు. అంతకు ముందున్న అధికారిని ఒక తల్లి కుక్క కరిచింది. అప్పటినుంచి అధికారి లోపలికి పోకూడదన్నారు. గేటు దగ్గర కుర్చీ వేస్తారు. ఆయన రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని పేరు పిలుస్తాడు. ఆ పేరుగల కుక్క వస్తుంది. చూసి టిక్కు పెడతాడు. కుక్క గోడ వెనకనుంచి లోపలికి పోతుంది. తర్వాతి పేరు.

ఇలా ఆరేళ్లు గడిచాయి.

ఏడో ఏడు ఆయన పాతపేట చివరి కొట్టానికి వెళ్లాడు. అక్కడి పెంపకందారుకు నాలుగు తల్లులు. రిజిస్టరు ప్రకారం ఒక్కోదానికి మూడేసి కాన్పులు. ఇంకా రెండేసి మిగిలున్నాయి.

ముత్యం అని పిలిచాడు. తెల్లటి కుక్క వచ్చింది. ఎడమ వెనక కాలికి పసుపు పూసి ఉంది. టిక్కు పెట్టాడు.

చుక్క అని పిలిచాడు. తెల్లటి కుక్క వచ్చింది. ఆ జాతి అంతా ఒక్క పోలికే కాబట్టి ఆయనకేమీ అనిపించలేదు. ఎడమ వెనక కాలికి పసుపు. టిక్కు పెట్టాడు.

డైసీ అన్నప్పుడు వచ్చిన కుక్క కాస్త రొప్పుతోంది. రోజీ అన్నప్పుడు వచ్చినది నాలుక వేలాడేసి, నిలబడలేక కూలబడింది. పసుపు అక్కడే ఉంది.

కలం ఆగింది. ఆయన మళ్లీ ముత్యం అన్నాడు. కూలబడ్డ కుక్క తోక ఊపింది. చుక్క అన్నాడు. ఊపింది. డైసీ అన్నాడు. లేవబోయింది.

ఆయన నిబంధన పక్కన పెట్టి లోపలికి వెళ్లాడు. నాలుగు గదులు, నాలుగు తొట్లు, గోడకు నాలుగు పేర్ల పలకలు ఉన్నాయి. మూడు గదుల్లో నేలమీద ఒక్క వెంట్రుక కూడా లేదు.

ఆరేళ్లలో పన్నెండు కాన్పులు. ఆ లెక్క రెండుసార్లు వేసుకున్నాడు. ప్రతి పేజీ కిందా తన సంతకమే ఉంది.

పెంపకందారు వాదించలేదు. పుస్తకంలో ఒక్క గీత కూడా తప్పు లేదని మాత్రం అన్నాడు. అక్కడ కుక్కకు గంజి పోసే ముసలామెను, కాలికి దెబ్బ ఎలా తగిలిందని అధికారి అడిగాడు. దెబ్బేమీ లేదంది. మరి పసుపెందుకంటే, మీకు కనపడాలని అంది.

లైసెన్సు రద్దయింది. కుక్కను ఆఫీసుకు తెచ్చారు. అది ముసలామె పెడితే తప్ప తినదు కాబట్టి ఆమె కూడా వచ్చింది. ఆమె కోరింది ఒక్కటే. తెల్ల తాడు కట్టి కుక్కను తనకిమ్మంది. పన్నెండు ఐదు కంటే ఎక్కువే కదా అంది.

పై అధికారి కాగితాలన్నీ ఓపిగ్గా చదివాడు. రద్దయిన కొట్టంలోని కుక్కను లైసెన్సున్న మరొకరికి అప్పగించాలని చెప్పాడు. పక్కవీధి పెంపకందారు అప్పటికే గొలుసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మరి పాత కాన్పుల మాటేమిటని తనిఖీ అధికారి అడిగాడు.

"పాత రిజిస్టరు అబద్ధమని రుజువు చేసింది నువ్వే కదయ్యా. అబద్ధపు పుస్తకంలోని అంకెను కొత్త పుస్తకంలోకి ఎలా ఎక్కిస్తావు? కొత్త పేరు పెట్టు. కొత్త పేరు మీద కాన్పులేవీ ఉండవు. సున్నా వెయ్యి."

సున్నా అంటే ఇంకా ఐదు. తనిఖీ అధికారి బల్ల దగ్గర కూర్చున్నాడు. పన్నెండును బయటపెట్టింది తను. ఆ సున్నా వెయ్యాల్సిన చెయ్యి కూడా తనదే.

కొత్త రిజిస్టరు తెరిచాడు. కుక్కకు ఏ పేరు పెట్టమంటావని ముసలామెను అడిగాడు. తనకు చదువు రాదని, ఆ గళ్లలో ఏముందో చదివి చెప్పమని ఆమె అంది. ఆయన చదివాడు. మొదటి గడి, పేరు. రెండో గడి, ఈ పేరు మీద ఇంతవరకు జరిగిన కాన్పులు.

ఆమె రెండో గడిని ఇంకోసారి చదివించుకుంది.

"నా పేరు రాయండయ్యా. వీరనాగమ్మ."

పక్కవీధి పెంపకందారు పకపకా నవ్వాడు. అధికారి ఇరవై ఎనిమిది నిబంధనలూ తిరగేశాడు. కుక్కకు మనిషి పేరు ఉండకూడదని ఎక్కడా లేదు. పేరు రాశాడు.

"ఈ పేరు మీద కాన్పులు?"

"ఏడు. పెద్దాసుపత్రి పుస్తకంలో ఉన్నాయి, చూసుకోండి. దక్కింది ముగ్గురే గానీ, కాన్పులైతే ఏడే."

"ఏడుగురిని కనడానికి నీకు లైసెన్సు ఎవరిచ్చారే ముసలీ?" అన్నాడు పెంపకందారు.

"అడిగినవాడు లేడు బాబూ. చాలన్నవాడూ లేడు."

అధికారి ఆసుపత్రికి మనిషిని పంపాడు. ఏడూ ఉన్నాయి. ఏడు అని రాసి, పంతొమ్మిదో నిబంధన కింద తాడు తెప్పించి, తన చేత్తోనే కుక్క మెడకు కట్టాడు. పై అధికారి పుస్తకాన్ని కిందనుంచి పైదాకా చూశాడు. ఒక్క గీత కూడా తప్పు లేదని సంతకం పెట్టాడు. ముసలామె కుక్కను తీసుకుని వెళ్లిపోయింది. మెట్లు దిగలేకపోతే ఎత్తుకుంది.

ఆ పట్నంలో కుక్కలకు గంజి కాచేవాళ్లంతా ఒకే మిల్లు దగ్గర నూకలు కొంటారు. సాయంత్రానికి సంగతి మిల్లుకు చేరింది.

మర్నాడు పొద్దున తనిఖీ అధికారి వచ్చేసరికి ఆఫీసు తలుపు ముందు ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఆయన లెక్కపెట్టాడు. పదకొండు మంది. పట్నంలో ఇంకా చెల్లుతున్న లైసెన్సులు పదకొండు. వాటిలో ఒక్కదానిమీదా ఇంతవరకు ఫిర్యాదు లేదు.

వరసలో అందరికంటే ముందున్నది పక్కవీధి కొట్టంలో గంజి పోసే ఆమె. ఆయన తలుపు తాళం కూడా తియ్యలేదు. ఆమె తన పేరు చెప్పి, ఆయన అడక్కముందే, "తొమ్మిది" అంది.